ఇతరుల రూపం దిద్దే ఉపాధి - ధర్మసమ్మతమేనా?

మనిషికి ఆకలి ఎంత సహజమో సిగ్గు కూడా అంతే సహజం. ఆదిదంపతులు తమ దేహాలు బయటపడగానే స్వర్గంలోని ఆకులతో కప్పుకోసాగారని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది (7:22). అంటే వస్త్రం మధ్యలో వచ్చిన ఫ్యాషన్ కాదు. అది మానవ స్వభావంలోనే ఉన్న అవసరం. ఆ తర్వాత ఆదం సంతతిని ఉద్దేశించి అల్లాహ్ వస్త్రానికి రెండు ప్రయోజనాలు తెలియజేశాడు. ఒకటి, దేహాన్ని కప్పడం. రెండు, దేహానికి శోభనివ్వడం. వీటన్నిటికన్నా మేలైనది భయభక్తుల వస్త్రమని కూడా అక్కడే హెచ్చరించాడు (7:26). కప్పడం, శోభ, భయభక్తులు - ఈ మూడింటినీ మనసులో ఉంచుకుని ఈ కాలపు ఒక ప్రశ్నను పరిశీలిద్దాం.

ఎవరు ఏ దుస్తులు ధరిస్తే బాగుంటుంది, ఏ రంగు ఎవరికి నప్పుతుంది, నలుగురిలో ఎలా నిలబడాలి, ఎలా మాట్లాడాలి - ఇలాంటి సలహాలిచ్చి ఫీజు తీసుకోవడం నేడు ఒక వృత్తి అయింది. అలాంటివారిని పర్సనల్ స్టైలిస్ట్ అనీ, ఇమేజ్ కన్సల్టెంట్ అనీ పిలుస్తున్నారు. అమెరికాలో జాన్ మొలాయ్ అనే రచయిత ఉద్యోగ విజయానికి దుస్తులే మెట్టు అంటూ 1975లో రాసిన పుస్తకం ఈ రంగానికి పెద్ద ఊపునిచ్చింది. 1990లో ఈ వృత్తివారికి అంతర్జాతీయ సంఘం కూడా ఏర్పడింది. మన హైదరాబాదులో ఫ్యాషన్ విద్య నేర్పే నిఫ్ట్ సంస్థ 1995లో మొదలైంది. ఒకప్పుడు సినిమావారికీ శ్రీమంతులకే పరిమితమైన ఈ సలహా ఇప్పుడు పెళ్ళిళ్ళ దాకా, ఉద్యోగాల ఇంటర్వ్యూల దాకా వచ్చింది.

నల్గొండ జిల్లా చిట్యాల హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి మీద ఉంది. పొద్దున బస్సెక్కితే రెండు గంటల్లో మహానగరం చేరవచ్చు. అలాంటి ఊళ్ళో డిగ్రీ చదివిన ఒక ముస్లిం యువతి ఈ పని నేర్చుకుని సొంతంగా మొదలుపెడతానంటే ఇంట్లో ఏమంటారు? ఇదంతా సోకుల పని, మనకు తగదు అంటారు నానీమా. ఇందులో డబ్బుంది, పట్నంలో అందరూ చేస్తున్నారు అంటాడు తమ్ముడు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది. కాని ఇద్దరూ అసలు ప్రశ్నను తాకలేదు. ఈ పని మనిషికి ఏం చేస్తుంది? అతన్ని నిలబెడుతుందా, లేక అద్దానికి బానిసను చేస్తుందా? ధర్మం అడిగేది ఇదీ.

అలంకరణ తప్పా?

ముందుగా నానీమా మాటను పరిశీలిద్దాం. చిరిగిన దుస్తులు, చిందరవందర జుట్టే దైవభక్తికి గుర్తు అనే భావన ఇస్లాంలో లేదు. ప్రతి ఆరాధనా సమయంలోనూ మంచి దుస్తులు ధరించమని ఆదేశించిన అల్లాహ్, తినమనీ తాగమనీ చెబుతూనే దుబారా చేయవద్దని ఆంక్ష పెట్టాడు (7:31). తన దాసుల కోసం తాను సృష్టించిన అలంకరణను నిషేధించే అధికారం ఎవరికుందని కూడా ఆ తర్వాతి వాక్యంలోనే ప్రశ్నించాడు (7:32).

దైవప్రవక్త (స) జీవితంలో దీనికి నిదర్శనాలు అనేకం. జుట్టు చెదిరి ఉన్న ఒక వ్యక్తిని చూసి, దాన్ని సరిచేసుకోవడానికి ఇతనికి ఏమీ దొరకలేదా అని ఆయన విచారించారు. మురికి బట్టల్లో ఉన్న మరొకరిని చూసి, ఉతుక్కోవడానికి ఇతనికి నీళ్ళు దొరకలేదా అన్నారు. ఒంటెలు, గొర్రెలు, గుర్రాలు ఉండి కూడా నాసిరకం బట్టల్లో వచ్చిన ఒకాయనకు, అల్లాహ్ ఇచ్చిన అనుగ్రహం నీ మీద కనిపించాలని బోధించారు. మక్కా విజయం రోజున హజ్రత్ అబూబకర్ (రజి) తండ్రి అబూ ఖుహాఫాను తీసుకొచ్చినప్పుడు ఆ వృద్ధుడి తల, గడ్డం మల్లెపువ్వులా తెల్లగా ఉన్నాయి. వాటికి రంగు వేయండి, అయితే నలుపు వద్దు అని సూచించారు. అంత గొప్ప విజయదినాన కూడా ఒక ముసలాయన రూపం గురించి ప్రవక్త (స) పట్టించుకున్నారు!

మరి అహంకారం సంగతేమిటి? మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టపడటం అహంకారమవుతుందా అని సహచరులు అడిగారు. అల్లాహ్ సౌందర్యవంతుడు, సౌందర్యాన్ని ఇష్టపడతాడని చెప్పి, సత్యాన్ని తిరస్కరించడం, తోటి మనుషుల్ని చులకన చేయడమే అహంకారమని ప్రవక్త (స) నిర్వచించారు. ఈ నిర్వచనం చాలా లోతైనది. అహంకారం బట్టలో లేదు, బట్ట వేసుకున్నవాడి చూపులో ఉంది. పేదవాడు తన చిరిగిన చొక్కాతోనూ గర్వపడగలడు. ధనికుడు ఖరీదైన షేర్వాణీలోనూ వినమ్రుడుగా ఉండగలడు.

ఇద్దరు నిజాములు

ఈ విషయం మన నేల చరిత్రలోనే కనిపిస్తుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీదనే 1890లో పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు వచ్చింది. ఆయన దుస్తుల కోసం కట్టించిన చెక్క అల్మరా నూట యాభై అడుగులకు పైగా పొడవుతో హైదరాబాదు పురానీ హవేలీలో నేటికీ ఉంది. ఒకసారి తొడిగిన దుస్తులు ఆయన మళ్ళీ తొడిగేవారు కాదని చెబుతారు. ఆయన కుమారుడు, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1937లో ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా అమెరికన్ పత్రిక టైమ్ ముఖచిత్రానికెక్కారు. కాని ఆయన పాత టోపీ, సాదా దుస్తులే జనం జ్ఞాపకంలో మిగిలిపోయాయి.

తండ్రి దుబారాపరుడనీ, కొడుకు భక్తుడనీ మనం తీర్పు చెప్పనక్కర లేదు. హృదయాల సంగతి అల్లాహ్‌కే తెలుసు. కాని ఆ అల్మరా ముందు నిలబడినప్పుడు ఒక ప్రశ్న రాక తప్పదు. ఒక మనిషి దేహానికి ఎన్ని బట్టలు కావాలి? నేడు ఆ అల్మరా ముక్కలు ముక్కలై మన ఇళ్ళలోకీ వచ్చేసింది. ఒక పెళ్ళికి కట్టిన చీర మరో పెళ్ళికి కడితే చిన్నతనమనుకునే గృహిణులు, పండుగకు మూడు జతలు కావాలనే పిల్లలు నేడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. స్టైలిస్ట్ అనే మనిషి ఈ దాహాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఉన్న నాలుగు జతలనే పదిరకాలుగా తొడుక్కోవడం నేర్పేవారు దుబారాను ఆపినవారవుతారు. నెలనెలా కొత్తది కొనిపించేవారు దుబారాకు తలుపు తెరిచినవారవుతారు. వృత్తి ఒకటే. ఫలితం మాత్రం పూర్తిగా వేరు.

హజ్రత్ ఉమర్ (రజి) రెండు మాటలు

ఇప్పుడు మరింత కఠినమైన ప్రశ్న. అల్లాహ్ మన రూపాలను గాని సంపదలను గాని చూడడు, హృదయాలనూ ఆచరణలనూ చూస్తాడని దైవప్రవక్త (స) ప్రవచించారు. మరి జనం ముందు ఎలా కనిపించాలో నేర్పడం, రూపాన్ని బట్టి మనిషిని తూచే తప్పుడు తూకాన్ని బలపరచడం కాదా?

దీనికి జవాబు హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలోని రెండు సంఘటనల్లో ఉంది. ఒకసారి ఆయన మస్జిద్ ద్వారం వద్ద పట్టు అంగీ అమ్మకానికి ఉండటం చూశారు. జుమా రోజున, రాయబార బృందాలు వచ్చినప్పుడు ధరించడానికి దీన్ని కొంటే బాగుంటుందని దైవప్రవక్త (స)కు సలహా ఇచ్చారు. నేటి భాషలో ఇది ఇమేజ్ కన్సల్టెంట్ ఇచ్చే సలహాయే. ప్రవక్త (స) దాన్ని కాదన్నారు. అయితే కాదన్నది ఆ వస్త్రాన్ని, ఎందుకంటే పట్టు పురుషులకు తగదు. బృందాలను కలిసేటప్పుడు మంచి దుస్తులు ధరించాలనే ఆలోచనను మాత్రం ఆయన ఖండించలేదని ధర్మవేత్తలు గమనించారు.

రెండవ సంఘటన సుమారు క్రీ.శ. 637 నాటిది. ఖలీఫా హోదాలో హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు వెళ్తున్నారు. దారిలో నీటి మడుగు వచ్చింది. ఆయన ఒంటె దిగి, చెప్పులు తీసి భుజాన వేసుకుని, పగ్గం పట్టుకుని నీళ్ళలో నడిచారు. ఆ పట్టణ ప్రజలు మిమ్మల్ని ఈ స్థితిలో చూడటం నాకు నచ్చడం లేదని సేనాని అబూ ఉబైదా (రజి) అన్నారు. తాము అత్యంత హీనస్థితిలో ఉండగా అల్లాహ్ ఇస్లాం ద్వారా గౌరవమిచ్చాడనీ, దాన్ని వదిలి మరోచోట గౌరవం వెదికితే ఆయనే తమను అవమానం పాలు చేస్తాడనీ ఉమర్ (రజి) బదులిచ్చారు.

ఒకచోట మంచి దుస్తులు కొనమన్న మనిషే మరోచోట దుస్తుల మాటను తోసిపుచ్చారు. ఇందులో వైరుధ్యం లేదు. చక్కగా కనిపించడం మర్యాద. గౌరవం బట్టలోంచి పుడుతుందని నమ్మడం అజ్ఞానం. హృదయాలను చూసేవాడు అల్లాహ్ ఒక్కడే. మనుషులకు ఆ చూపు లేదు. కాబట్టి మనిషికీ మనిషికీ నడుమ వేషభాషలు కొంత మాట్లాడతాయి. చిట్యాల నుంచి తెల్లవారుజామున బయల్దేరి హైదరాబాదులో ఇంటర్వ్యూకు వెళ్ళే పేద కుర్రవాడికి ప్రతిభ ఉంది. కాని వదులు చొక్కా, వంగిన భుజాలు, వణికే గొంతు ఆ ప్రతిభకు అడ్డుగా నిలుస్తాయి. ఆ అడ్డు తొలగించడం మోసం కాదు, సహాయం. లేని చదువును, లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపించడం నేర్పితే అది మోసం. పైన ఎండుధాన్యం, అడుగున తడిసిన ధాన్యం పెట్టి అమ్ముతున్న వర్తకుణ్ణి చూసి, మోసగించేవాడు తమలోనివాడు కాడని ప్రవక్త (స) హెచ్చరించారు. మనిషిని కూడా అలా అమ్మకూడదు.

సిగ్గును అమ్మే బజారు

ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. దాని గురించి మన ఇళ్ళలో ఎవరూ మాట్లాడరు. ఈ వ్యాపారంలో చాలా భాగం మనిషికి తన మీద తనకు అసహ్యం కలిగించడం మీదే నడుస్తుంది. నీ రంగు తక్కువ, నీ ముక్కు వెడల్పు, నీ ఎత్తు చాలదు - ఇలా ముందు గాయం చేసి, ఆపైన మందు అమ్ముతారు. మన దేశంలో 1975 నుంచి అమ్ముడవుతూ వచ్చిన ఒక ప్రసిద్ధ క్రీము 2020లో తన పేరులోని ఫెయిర్ అనే మాటను తొలగించుకుంది. సీసా మీద పేరు మారింది. కాని పెళ్ళిచూపుల్లో పిల్ల చామనఛాయ అని పెదవి విరిచే అత్తల మనసు మారిందా?

అల్లాహ్ మానవుణ్ణి అత్యుత్తమమైన ఆకృతిలో సృష్టించానని ప్రకటించాడు (95:4). ఇంకొకర్ని ఎగతాళి చేయవద్దని, ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చని స్త్రీలనూ పురుషులనూ విడివిడిగా హెచ్చరించాడు (49:11). ఎవరి రంగు చూసి, ముక్కు చూసి వంక పెడుతున్నామో, ఆ వంక వారిని తీర్చిదిద్దిన సృష్టికర్త దాకా పోతుందని మరచిపోరాదు.

జాహిర్ (రజి) అనే పల్లెవాసి ఉండేవారు. ఎడారి నుంచి ప్రవక్త (స)కు కానుకలు తెచ్చేవారు. చూడటానికి అందగాడు కాదు. ఒకరోజు ఆయన బజారులో తన సరుకు అమ్ముకుంటుండగా ప్రవక్త (స) వెనుకనుంచి వచ్చి కౌగిలించుకున్నారు. ఎవరో తెలియక విడిపించుకోబోయిన జాహిర్, తీరా తెలిశాక తన వీపును ఆయన ఛాతీకి ఇంకా దగ్గరగా ఆనించారు. ఈ దాసుణ్ణి ఎవరు కొంటారని ప్రవక్త (స) సరదాగా అన్నారు. నన్ను అమ్మితే చవక సరుకే అవుతాను అన్నారు జాహిర్. అల్లాహ్ దృష్టిలో నీవు చవక కాదు, విలువైనవాడివి అని ప్రవక్త (స) జవాబిచ్చారు.

ఆ బజారులో జాహిర్ (రజి) దుస్తులు మారలేదు, ముఖం మారలేదు. మారింది తన గురించి తాను అనుకునే మాట. పల్లె నుంచి పట్నం వెళ్ళి, తన యాసకూ తన రంగుకూ కుంచించుకుపోయే ప్రతి పిల్లవాడికీ, పిల్లకూ కావలసింది మొదట ఈ మాటే. దీన్ని ఇవ్వలేని స్టైలిస్ట్ ఎన్ని జతలు మార్పించినా లాభం లేదు. మనవద్దకు వచ్చినవారు తిరిగి వెళ్ళేటప్పుడు అద్దాన్ని తక్కువ తలచుకుంటూ వెళ్తున్నారా, ఎక్కువ తలచుకుంటూ వెళ్తున్నారా? ఈ వృత్తిలో ఉన్నవారు రోజూ రాత్రి తమను తాము వేసుకోవలసిన ప్రశ్న ఇదే.

సలహాదారు అమానతు

సలహా అడగబడినవాడు అమానతుదారుడని దైవప్రవక్త (స) ప్రవచించారు. అంటే సలహా ఒక సరుకు కాదు, అప్పగింత. దీనికి మూడు కోణాలున్నాయి.

మొదటిది డబ్బు. ఫలానా దుకాణానికి తీసుకెళ్తే కమీషన్ వస్తుందని ఆ దుకాణాన్నే పొగిడితే, అది సలహా కాదు, దళారీ పని. కమీషన్ ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. అడిగినవారికి కొనవలసిన అవసరం లేకపోతే, కొనవద్దనే చెప్పాలి. ఇమామ్ అబూహనీఫా (రహ్మలై) కూఫాలో బట్టల వర్తకులు. ఒక వస్త్రంలో లోపముందనీ, అమ్మేటప్పుడు ఆ లోపం చూపించమనీ భాగస్వామికి చెప్పి పంపారు. అతను మరచిపోయి అమ్మేశాడు, కొన్నదెవరో కూడా గుర్తులేదు. ఇమామ్ గారు ఆ అమ్మకపు సొమ్మంతా దానం చేసేశారు. బట్టల వ్యాపారం చేస్తూనే అంత గొప్ప ధర్మవేత్త కాగలిగారంటే, ఈ రంగమే చెడ్డదని అనడానికి వీల్లేదు.

రెండవది రహస్యం. దేహంలో ఏది దాచుకోవాలనుకుంటున్నారో ఆ సంగతి స్త్రీలు నమ్మకంతో చెబుతారు. ఆ మాట మరో ఇంట్లో చెప్పడం గీబత్. ముందు ఇలా ఉంది, తర్వాత ఇలా అయింది అంటూ వారి ఫొటోలు ప్రచారానికి వాడుకోవడం అంతకన్నా పెద్ద ద్రోహం.

మూడవది హద్దు. జబ్బు చేసి జుట్టు రాలిపోయిన కొత్త పెళ్ళికూతురికి వేరే జుట్టు అతికించవచ్చా అని అడిగినప్పుడు ప్రవక్త (స) అనుమతించలేదు. జాలిపడదగ్గ సందర్భంలోనే అనుమతి లేదంటే, ఆడంబరం కోసం ఎలా ఉంటుంది? సవరాలు, పచ్చబొట్లు, కనుబొమల వెంట్రుకలు పీకి సన్నబరచడం, పరపురుషుల ముందు అలంకరణ ప్రదర్శన - ఇవి ఎంత డబ్బు వచ్చినా విశ్వాసి చేతిపని కాకూడదు. స్త్రీలు స్త్రీలకే ఈ సేవ చేయడంలో ఎలాంటి చిక్కూ లేదు. పరదా పాటించే ఇళ్ళకు నమ్మకమైన సలహాదారు అవసరం కూడా.

చిట్యాలలో ఎలా మొదలుపెట్టాలి?

ఈ పనికి మొదటి పెట్టుబడి ఖరీదైన గది కాదు, బట్ట గురించిన జ్ఞానం. ఆ జ్ఞానం చిట్యాలకు దూరంలో లేదు. చుట్టుపక్కలే పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక నేతగాళ్ళ మగ్గాలున్నాయి. నేయకముందే నూలుకు చిటికి కట్టి, రంగులద్ది, ఆ తర్వాత మగ్గమెక్కించే ఈ పద్ధతిలో రంగు బట్టకు ఇరువైపులా ఒకేలా కనిపిస్తుంది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. నూనె, ఆముదపు కాయల బూడిద కలిపి నానబెట్టిన నూలుతో నేసే ఈ రుమాళ్ళు తొలుత చీరాలలో తయారై అరబ్బు దేశాలకు ఎగుమతయ్యేవి. మన తెలుగు నేతగాడు నేసిన బట్టను అరబ్బులు తలకు చుట్టుకునేవారన్నమాట! ఇంత వారసత్వం పక్కనుండగా, పట్నంలో అమ్మే మాసిపోయే మెరుపుల వెంట పరుగెత్తడమెందుకు? నిండుగా కప్పే, మన ఎండకు ఆగే, నాలుగేళ్ళు మన్నే బట్టను ఎంచి చూపించడం ఈ ప్రాంతపు స్టైలిస్ట్ చేయగల మేలు. నేతగాడికి కూడు, కొన్నవారికి పొదుపు.

రెండవ పెట్టుబడి దర్జీతో స్నేహం. సరైన కొలతలతో కుట్టిన సాదా దుస్తులు, కొలత కుదరని ఖరీదైన దుస్తులకన్నా ఎప్పుడూ మిన్న.

ఇక పని దొరికేది ఎక్కువగా పెళ్ళిళ్ళలోనే. మాంఝాకు ఒక జత, సాంచక్‌కు ఒక జత, నికాహ్‌కు ఖడా దుపట్టా, వలీమాకు మరొకటి అంటూ అప్పుల పాలయ్యే తల్లిదండ్రులు ఎంతమంది లేరు! వారింటికి వెళ్ళి, అమ్మీ, ఈ ఒక్క దుపట్టా మార్చితే నికాహ్ జతే వలీమాకు సరిపోతుంది అని చెప్పగలిగిన అమ్మాయి ఆ ఇంటికి వేల రూపాయలు మిగిల్చినట్టే. అలాంటి మాటకు ఫీజు తీసుకోవడంలో సిగ్గుపడవలసిందేమీ లేదు. అది హలాల్ సంపాదన. స్తోమత లేని యువతీ యువకుల ఇంటర్వ్యూలకు మాత్రం ఉచితంగా సాయపడితే అది సదఖా అవుతుంది.

దువ్వెన పట్టిన చేయి

చివరగా నానీమా సందేహానికి ఒక మాట. అలంకరణ పని చేసేవారు అల్పులా? మేరాజ్ రాత్రి దైవప్రవక్త (స)కు ఒక సుగంధం తగిలింది. అదేమిటని అడిగితే, ఫిరౌన్ కుమార్తె తల దువ్విన స్త్రీ, ఆమె పిల్లల సుగంధమని జిబ్రయీల్ (అలైహిస్సలాం) తెలిపారు. ఒకరోజు ఆమె తల దువ్వుతుండగా దువ్వెన చేజారింది. అల్లాహ్ పేరు చెప్పి దాన్ని అందుకుంది. మా నాన్న గురించేనా అంటున్నావు అని రాకుమార్తె అడిగింది. కాదు, నాకూ మీ నాన్నకూ ప్రభువైనవాడు అని ఆమె జవాబిచ్చింది. ఆ మాటకు ఫిరౌన్ కాగుతున్న రాగి పాత్రలో ఆమె పిల్లల్ని ఒక్కొక్కరిగా వేయించాడు. ఆమెనూ వేయించాడు. ఆమె తన మాట వెనక్కు తీసుకోలేదు.

ఆ స్త్రీ పని చేసింది రూపమే సర్వస్వమైన రాజభవనంలో. ఆమె చేయి ఇతరుల తల దువ్వింది, కాని ఆమె తల ఎవరికీ వంగలేదు. ఈ వృత్తిలో అడుగుపెట్టే ముస్లిం యువతికి ఇంతకన్నా గొప్ప ఆదర్శం మరొకటి ఉండదు. ఇంటి పెద్దలు ఆమెను ఆపవద్దు. హద్దులు చెప్పి, దీవించి, తోడుండి పంపండి.

మన రూపాలను చక్కగా తీర్చిన అల్లాహ్ మన నడవడినీ చక్కగా తీర్చుగాక! మన దేహాలకు హలాల్ వస్త్రాన్నీ, హృదయాలకు భయభక్తుల వస్త్రాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.